వాసనకు ఇంగ్లీషులో ఏ మాట: స్మెల్, దాని దగ్గరి చుట్టాలు

మా మేనకోడలు పైచదువుకు అమెరికా వెళ్లిన మొదటి నెలలో, అద్దెకున్న ఇంటి వంటగదిలో గ్యాస్ వాసన తగిలి, ఆ భవనం మరమ్మతులు చూసేవారికి ఫోనులో సందేశం పంపింది. స్మెల్ అన్న మాట మరీ బడిపిల్లల మాటలా ఉందనుకుని, పర్యాయపదాల పట్టిక తెరిచి, అందులో అన్నిటికన్నా అందంగా కనిపించిన ఫ్రేగ్రెన్స్‌ను ఎంచుకుంది. ఆ సందేశానికి తెలుగు చేస్తే ‘వంటగదిలో గ్యాస్ పరిమళం గట్టిగా ఉంది’ అని అర్థం. పరిమళం గురించి పరుగెత్తుకు వచ్చేవారెవరు? వారు మర్నాడు మధ్యాహ్నం వచ్చి చూస్తే, పొయ్యి వెనక గొట్టం బిగింపు వదులైందని తేలింది. రాత్రంతా కిటికీలు తెరిచి పడుకుంది కనుక పిల్ల క్షేమంగా ఉంది.

ఇన్నేళ్లుగా ఇంగ్లీషు పాఠాలు చెబుతున్న నాకు ఆ సంగతి విన్నప్పుడు కలిగిన భయం ఇంకా పోలేదు. పర్యాయపదాల పట్టికలో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన మాటలు ఒకదాని బదులు ఒకటి రావు. స్మెల్ కింద ఇచ్చే పది పన్నెండు మాటలలో ప్రతిదానిలోనూ ఆ వాసన మనకు ఇష్టమా కాదా అన్న తీర్పు, అది పువ్వుదా వంటదా మురుగుదా అన్న జాడ దాగి ఉంటాయి. తెలుగువారికి ఈ వివేకం కొత్తది కాదు. మల్లెపూల కంపు అని మనం అనము, మురిక్కాలవ పరిమళమనీ అనము. తెలుగులో నోటికి అప్రయత్నంగా వచ్చే ఈ తేడాను ఇంగ్లీషు మాటల ఎంపికలోకి ఎలా తీసుకువెళ్లాలో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

ముందు క్రియను సరిచేసుకోవాలి

మనం మూడు రకాలుగా చెప్పే పనిని ఇంగ్లీషులో స్మెల్ అన్న ఒక్క క్రియ చేస్తుంది. మన ప్రయత్నం లేకుండానే ముక్కుకు తెలిస్తే ‘పొగ వాసన తగులుతోంది’ అంటాం. కావాలని ముక్కు దగ్గర పెట్టుకుంటే ‘పాలు పాడయ్యాయేమో వాసన చూడు’ అంటాం. వస్తువు వైపు నుంచి చెబితే ‘మల్లెలు కమ్మటి వాసన వస్తున్నాయి’ అంటాం. మొదటిది ‘ఐ కెన్ స్మెల్ స్మోక్’, రెండవది ‘స్మెల్ ద మిల్క్’, మూడవది ‘ద జాస్మిన్ స్మెల్స్ లవ్లీ’.

మన వాళ్లు తడబడేది మొదటి వాడుక దగ్గరే. ‘వాసన వస్తోంది’ అన్న తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్లు దించి ‘స్మెల్ ఈజ్ కమింగ్’ అనడం మన ఊళ్లలో చెల్లుతుంది, ఎదుటివారికి అర్థమూ అవుతుంది. కాని ఇంగ్లీషులో వాసన నడిచి రాదు, మనిషి దాన్ని పసిగడతాడు, లేదా వస్తువు దాన్ని వెదజల్లుతుంది. కనుక ఏదో మాడుతున్న వాసన వచ్చినప్పుడు ‘ఐ కెన్ స్మెల్ సమ్‌థింగ్ బర్నింగ్’ అనాలి. అక్కడ కెన్ ఉండటం చిన్న విషయం కాదు. అప్రయత్నంగా ముక్కుకు తెలిసేదాన్ని చెప్పేటప్పుడు ‘ఐ యామ్ స్మెల్లింగ్’ అనే రూపం సాధారణంగా వాడరు. దానికి బదులు కెన్ తోడు తెచ్చుకుంటారు. కావాలని వాసన చూస్తున్నప్పుడు మాత్రం ‘షీ ఈజ్ స్మెల్లింగ్ ద మ్యాంగోస్’ అనడం సరైనదే, ఎందుకంటే అది చేస్తున్న పని.

మూడవ వాడుకలో క్రియ తరువాత విశేషణం రావాలి, క్రియావిశేషణం రాకూడదు. కూర బాగా వాసన వస్తోందన్నప్పుడు మన ‘బాగా’ నోట్లో మెదులుతూ ఉండటం వల్ల చాలామంది ‘స్మెల్స్ వెల్’ అంటారు. ‘స్మెల్స్ గుడ్’ అనాలి. ‘టేస్ట్స్ గుడ్’, ‘లుక్స్ గుడ్’ ఎలాగో ఇదీ అలాగే.

ఇక ఏ విశేషణమూ చేర్చకుండా వదిలేస్తే ఏమవుతుంది? ఇక్కడ రెండు భాషలూ ఒకేలా నడవడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. ‘ఈ పప్పు వాసన వస్తోంది’ అని అమ్మ అంటే పారబోయమనే అర్థం. అదే విధంగా ‘దిస్ దాల్ స్మెల్స్’ అన్నా పాడైందనే. మనిషిని ఉద్దేశించి ‘యు స్మెల్’ అన్నామా, స్నానం చేసి రమ్మని ముఖం మీద చెప్పినట్లే. పొగడాలనుకుంటే ‘యు స్మెల్ నైస్’ అని పూర్తిగా అనాలి. చివరి మాట మింగేస్తే పొగడ్త కాస్తా తిట్టవుతుంది.

స్మెల్ తరువాత ఆఫ్ వస్తే ఆ వస్తువు నిజంగా అక్కడ ఉందన్నట్లు, లైక్ వస్తే దాన్ని పోలి ఉందన్నట్లు సాధారణంగా ధ్వనిస్తుంది. వెల్లుల్లి వేయించిన వంటిల్లు ‘స్మెల్స్ ఆఫ్ గార్లిక్’. చందనం చుక్కైనా లేకుండా చందనం వాసన వేసే సబ్బు ‘స్మెల్స్ లైక్ శాండల్‌వుడ్’. భూతకాలంలో బ్రిటిష్‌వారు స్మెల్ట్ అని ఎక్కువగా రాస్తారు, అమెరికాలో స్మెల్డ్ అంటారు. రెండూ ఒప్పే, ఒకే రచనలో కలపకుండా ఉంటే చాలు.

నామవాచకాలు: తీర్పు లేనివి, మెచ్చుకునేవి, ఈసడించేవి

స్మెల్‌కు నామవాచకంగా సొంత తీర్పు లేదు, ముందు ఏ విశేషణం పెడితే అటు ఒరుగుతుంది. పాత ఇంగ్లీషు గ్రంథాలలో కనిపించని ఈ మాట మధ్యయుగంలో హఠాత్తుగా వాడుకలోకి వచ్చింది. దాని మూలం నిఘంటుకారులకు ఇప్పటికీ చిక్కలేదు. ఏది వాడాలో తోచనప్పుడు దీన్నే వాడటం మేలని నా విద్యార్థులకు ప్రతి ఏడూ చెబుతాను. మామూలు మాట వాడినందుకు ఎవరూ నొచ్చుకోరు, తప్పు మాట వాడితే మా మేనకోడలికి జరిగినట్లు జరుగుతుంది.

ఓడర్ లాటిన్ నుంచి వచ్చిన మాట. శాస్త్రం, వైద్యం, ఆఫీసు కాగితాలు దాని చోటు. వంటగ్యాస్‌కు స్వతహాగా వాసన లేదనీ, కారితే తెలియడానికి ఇథైల్ మెర్‌క్యాప్టన్ వంటి ఘాటైన రసాయనాన్ని అందులో కలుపుతారనీ చెప్పే వాక్యంలో ‘ఓడర్‌లెస్’ అన్నదే తగిన మాట. శాస్త్రంలో తటస్థంగా ఉన్నా, ఇంటి మాటల్లో ఓడర్ కాస్త చెడు వైపే మొగ్గుతుంది. చెమట కంపును మర్యాదగా చెప్పాలంటే బాడీ ఓడర్ అంటారు. వర్ణక్రమంలో బ్రిటిష్‌వారు ఈ మాటలో యూ అక్షరం ఉంచుతారు, అమెరికావారు తీసేస్తారు; డియోడరెంట్‌లో మాత్రం ఇద్దరూ దాన్ని రాయరు. ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే దరఖాస్తులలో ఎర్ర గీత పడదు.

మెచ్చుకునే మాటలలో ఫ్రేగ్రెన్స్ పువ్వులది, అత్తరులది, సబ్బులది. సున్నితమైన తీపి వాసన. మన పరిమళానికి, తావికి దీన్ని మించి దగ్గరి మాట లేదు. అరోమా గ్రీకులో సుగంధద్రవ్యానికి పేరు. ఆ పుట్టుక వల్లనే కాబోలు, నేటికీ అది వంటింటిని విడిచి పెద్దగా బయటికి వెళ్లదు. కాఫీ డికాక్షన్, బిరియాని, అప్పుడే కాచిన నెయ్యి, ఇవన్నీ అరోమా. బాస్మతి వంటి బియ్యాన్ని అరోమాటిక్ రైస్ అంటారు, ఫ్రేగ్రెంట్ రైస్ అన్నా చెల్లుతుంది. కాని సంపెంగ పువ్వుకు అరోమా అంటే, ఎవరో దాన్ని పోపులో వేశారన్నట్లు ఉంటుంది.

సెంట్ విషయంలో మనం ఎక్కువ జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఆ మాటను ఎప్పుడో తెలుగు చేసుకుని సెంటుబుడ్డిలో బిగించేశాం. ‘సెంటు కొట్టుకున్నాడు’ అంటే అత్తరు చల్లుకున్నాడనే. ఇంగ్లీషులో దాని మొదటి బతుకు అడవిలో. ఫ్రెంచిలో గ్రహించడమనే అర్థమున్న మాట నుంచి వచ్చి, వేటకుక్క నేల మీద ముక్కు పెట్టి జంతువు జాడ పట్టడానికి పేరైంది. మన పాత మాట ‘పసి’ సరిగ్గా ఇదే. పసిగట్టడం, పసిపట్టడం అన్న క్రియలలో ఆ వాసనే మిగిలి ఉంది. పులి లేడిని పసిగట్టింది అన్న వాక్యాన్ని ‘ద టైగర్ సెంటెడ్ ద డీర్’ అని నిశ్చింతగా రాయవచ్చు. ఇంకో సంగతి, ఆ మాట వర్ణక్రమంలో పలకని సీ అక్షరం 17వ శతాబ్దంలో వచ్చి చేరింది, ఎందుకు చేరిందో ఎవరూ రుజువు చేయలేదు. మనిషి ఒంటి సహజమైన వాసనకూ, దూరం నుంచి తేలి వచ్చే పూల వాసనకూ కూడా సెంట్ బాగా కుదురుతుంది. బుడ్డిలోని అత్తరుకు మాత్రం ఇప్పుడు పెర్ఫ్యూమ్ అన్న మాటే ఎక్కువ వాడుక. ఆ మాట లాటిన్‌లో పొగకు సంబంధించినది. మొదట్లో ధూపం వేయడాన్నే అలా అన్నారు, మన సాంబ్రాణి పొగ లాగా.

సబ్బులు, పొడుల డబ్బాల మీద కనిపించే రెండు మాటల తేడా తెలియకపోతే ఒంటికి చేటు. ‘ఫ్రేగ్రెన్స్ ఫ్రీ’ అని ఉంటే వాసన కోసం ఏదీ కలపలేదని చెప్పడం. ‘అన్‌సెంటెడ్’ అని ఉంటే మనకు వాసన తెలియదని మాత్రమే అర్థం. అసలు సరుకు వాసనను అణచడానికి మరో సుగంధరసాయనం కలిపి ఉండవచ్చు. పసిపిల్లల చర్మానికో, ఆయాసం ఉన్నవారికో కొనేవారు ఫ్రేగ్రెన్స్ ఫ్రీ అన్నది చూసి, వెనక ఉన్న వస్తువుల జాబితా కూడా చదివి తీసుకోవాలి.

ఈసడించే మాటలలో స్టింక్ మన కంపు, స్టెంచ్ మన దుర్గంధం. స్టింక్‌లో కసురు ఉంది, పెద్దల ముందు, ఆఫీసు ఉత్తరాలలో వాడరు. స్టెంచ్ బలమైనది, రాతలో కుదిరేది. కుళ్లిన కళేబరం, పొంగిన మురుగు, శుభ్రం చేయని చేపల బజారు దాని విషయాలు. రీక్ మొదట పొగ పేరు. పొగగొట్టాల వల్ల ఎడిన్‌బరో నగరానికి ‘ఆల్డ్ రీకీ’ అన్న ముద్దుపేరు ఉంది, అంటే పొగచూరిన ముసలి పట్నం అని. ఇప్పుడు అది ఎక్కువగా క్రియగా, చుట్ట కంపో సారా కంపో గుప్పున కొట్టడానికి వాడే మాట. విఫ్ మాత్రం తీర్పు కన్నా కొలతను చెబుతుంది: గాలిలో ఒక్క క్షణం అలా తగిలి పోయేది, మంచిదైనా చెడ్డదైనా.

స్టింక్ గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను. పాత ఇంగ్లీషులో దానికి చెడు అర్థం స్థిరపడలేదు. పువ్వుల తీపి వాసన వీచినా ఆ క్రియే వాడేవారు. కాలక్రమంలో మంచిని వదులుకుని చెడు ఒక్కదాన్నే ఉంచుకుంది. మన ఇరుగుపొరుగు భాషలలోనూ ఇదే కథ నడిచింది. మనం ముక్కు మూసుకునే ‘కంపు’ కన్నడంలో నేటికీ పూల పరిమళం. బెంగళూరులో ఎవరైనా మల్లెల కంపు అంటే అది కవిత్వం. తమిళంలో ఒకప్పుడు సువాసనకూ చెల్లిన ‘నాట్రం’ ఇప్పుడు దుర్వాసనకే మిగిలింది. అందుకే పాత పుస్తకాలలో ఇటువంటి మాట కనిపిస్తే, నేటి అర్థంతో చదివి నవ్వుకోకూడదు, ఆ కాలపు అర్థం వెతుక్కోవాలి.

మన వంటింటి వాసనలు ఇంగ్లీషులో ఎలా చెప్పాలి

నిఘంటువులు చేతులెత్తేసేది ఇక్కడే. నీచు వాసన, కమురు వాసన, ముక్క వాసన, కనరు వాసన, పచ్చి వాసన అని మనకు విడివిడిగా పేర్లున్నాయి. ఇంగ్లీషులో ఇలా వాసనకే పుట్టిన పేర్లు చాలా తక్కువ. మలయా ద్వీపకల్పంలోని జహాయి భాషవారికి అటువంటివి డజను దాకా ఉన్నాయని, వారు రంగుల పేర్లు చెప్పినంత సులువుగా వాసనల పేర్లు చెప్పగలరని ఆసిఫా మజీద్, నిక్లాస్ బురెన్‌హుల్ట్ 2014లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఇంగ్లీషువారు ఎక్కువగా చేసే పని, వాసన పుట్టిన వస్తువు పేరు చెప్పడం. మనం కూడా అదే చేయాలి. మాట దొరకనప్పుడు ‘స్మెల్ ఆఫ్’ అని మొదలుపెట్టి వస్తువును పేర్కొంటే ఏ ఇంగ్లీషువాడికైనా అర్థమవుతుంది.

కనరెక్కిన నూనెకు, పాత నెయ్యికి, నిల్వ ఉన్న వేరుశనగపప్పుకు ‘రాన్సిడ్’ సరిగ్గా సరిపోతుంది. ముక్కిన బియ్యానికి, వానాకాలంలో ఆరని బట్టలకు, మూసి ఉంచిన పెట్టెకు ‘మస్టీ’ అన్న చక్కటి మాట ఉంది. ఘాటుకు ‘పంజెంట్’, లాటిన్‌లో పొడవడమనే క్రియ నుంచి వచ్చింది, ఎండుమిర్చి పోపు ముక్కును పొడిచినట్లే. కళ్లు మండించి గొంతు పట్టుకునే పొగకు ‘ఏక్రిడ్’. నీచు వాసనకు, తెలంగాణలో కౌసు వాసన అనేదానికి, పూర్తి సమానం లేదు: చేపకైతే ‘ఫిషీ’, కడగని గుడ్డు గిన్నెకైతే ‘స్మెల్ ఆఫ్ ఎగ్’ అని విడగొట్టి చెప్పాలి. కమురు వాసనకూ అంతే, వెంట్రుక కాలినప్పటిదైతే ‘స్మెల్ ఆఫ్ సింజ్డ్ హెయిర్’.

మాడు వాసనలో ఒక మెలిక ఉంది. ఇంకా పొయ్యి మీద మాడుతూ ఉంటే ‘స్మెల్ ఆఫ్ బర్నింగ్’, మాడటం అయిపోయి గిన్నెకు పట్టుకుని ఉంటే ‘బర్న్‌ట్ స్మెల్’. మొదటిది వింటే పరుగెత్తాలి, రెండవది వింటే తోమాలి.

వంటలు రాసేవారికి అన్నిటికన్నా పనికొచ్చేది పచ్చి వాసన సంగతి. ‘అల్లంవెల్లుల్లి ముద్ద పచ్చి వాసన పోయేవరకు వేయించాలి’ అన్న వాక్యం లేని తెలుగు వంటకం అరుదు. భారతీయ ఇంగ్లీషులో దాన్ని ‘అంటిల్ ద రా స్మెల్ గోస్’ అని రాస్తారు, తప్పు లేదు. అయితే ఇంగ్లీషు వంటల పుస్తకాలు అదే ఘడియను ‘అంటిల్ ఫ్రేగ్రెంట్’ అని చెబుతాయి. మన ముక్కు చెడు పోవడాన్ని కనిపెడుతుంది, వారి ముక్కు మంచి రావడాన్ని కనిపెడుతుంది. మూకుడులో జరుగుతున్నది మాత్రం దాదాపు ఒకటే. విదేశాలలో పుట్టిన మన పిల్లలకు వంట రాసి పంపేటప్పుడు రెండూ కలిపి రాయడం మంచిది.

తొలకరి జల్లుకు నేల నుంచి లేచే వాసనకు ఇంగ్లీషులో చాలా కాలం పేరు లేదు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ దానికి ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి, ఐకోర్ అంటే దేవతల నాళాలలో పారే ద్రవం. వారికన్నా ఎంతో ముందు నుంచే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఆ వాసనను మట్టి అత్తరుగా పట్టి అమ్ముతున్నారు. పెట్రికోర్ అందమైన మాటే గాని అందరికీ తెలిసినది కాదు. మాటల్లో ‘ద స్మెల్ ఆఫ్ రెయిన్ ఆన్ డ్రై ఎర్త్’ అంటే ఎదుటివారి ముక్కు దాకా వెళుతుంది.

వాసన కాని వాసనలు

‘చదువు వాసన లేనివాడు’, ‘పూర్వజన్మ వాసన’ అన్నప్పుడు మన మాట ముక్కును వదిలి మనసులో మిగిలిన ముద్రను చెబుతుంది. ఇక్కడ స్మెల్ పెడితే వాక్యం చెడిపోతుంది. మొదటిదాన్ని ‘హ్యాజ్ హ్యాడ్ నో స్కూలింగ్’ అని, రెండవదాన్ని గత జన్మ నుంచి వచ్చిన సంస్కారమని వివరించి చెప్పుకోవాలి. అటు నుంచి ఇటు వచ్చేటప్పుడూ అంతే: ‘స్మెల్ ఏ ర్యాట్’ అంటే ఎలుక వాసన కాదు, ఇందులో ఏదో మోసం ఉందని శంకించడం, ‘ఫిషీ’ అన్నా దాదాపు అదే, మన మతలబు. ‘ఇన్ బ్యాడ్ ఓడర్’ అంటే నలుగురిలో మాట పోగొట్టుకుని ఉండటం.

ఇంట్లోనే చేసుకోదగిన అభ్యాసం

పట్టికలు బట్టీ పట్టించడం నేను మానేసి చాలా కాలమైంది. దాని బదులు మూతలున్న చిన్న స్టీలు డబ్బాలు ఆరు తీసుకుని, ఒకదానిలో ఇంగువ, ఒకదానిలో కాఫీ పొడి, ఒకదానిలో అడుగున మిగిలిన పాత కొబ్బరినూనె, ఒకదానిలో రాత్రంతా తడిగా ఉంచిన గుడ్డ పీలిక, ఒకదానిలో మరువం రెమ్మ, ఒకదానిలో కాల్చి ఆర్పిన అగ్గిపుల్ల పెట్టి తరగతికి తీసుకువెళతాను. విద్యార్థి కళ్లు మూసుకుని మూత తీసి, ముందు తెలుగులో నోటికి వచ్చిన మాట చెప్పాలి: ఘాటు, కమ్మదనం, కనరు, ముక్క, పరిమళం, మాడు. అప్పుడు ఇది నాకు ఇష్టమా కాదా, వంటదా పువ్వుదా పాడైనదా అని తనను తాను అడిగి ఇంగ్లీషు మాట ఎంచుకోవాలి. చివరగా దాన్ని ‘ఇట్ స్మెల్స్’తో ఒకసారి, ‘ఐ కెన్ స్మెల్’తో ఒకసారి వాక్యంలో పెట్టాలి. మధ్యలో కాసేపు ముక్కుకు విశ్రాంతి ఇవ్వాలి, లేకపోతే ఇంగువ తరువాత అన్నీ ఇంగువలాగే తోస్తాయి.

కిందటి ఏడు ఒక అమ్మాయి కొబ్బరినూనె డబ్బా మూత తీసి, వేలితో అంచు తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. అందరూ రాన్సిడ్ అన్నారు. ఆమె మాత్రం ‘ఇట్ స్మెల్స్ లైక్ మై గ్రాండ్‌మదర్స్ కోంబ్’ అంది. దువ్వెన పళ్ల మధ్య పేరుకున్న పాత నూనె వాసన అది, సరిగ్గా అదే. ఆ ఏడాది పూర్తి మార్కులు ఆ వాక్యానికి వేశాను.